ప్రింటరు మెమరీ, పిల్లల క భాష

మంగళవారం సాయంత్రం ఫోన్ మోగింది. మా ఆయన గల్ఫ్ నుంచి ఫోన్ చేసేది శుక్రవారాలే, అక్కడ సెలవు రోజున. చిన్నకూతురి జడ సగంలో వదిలేసి ఫోన్ అందుకున్నాను. ఎత్తగానే ఎప్పటిలా "ఏం కూర?" అని అడగలేదాయన. "కాగితం, పెన్ను తెచ్చుకో" అన్నారు. ఏదో ముంచుకొచ్చిందని అప్పుడే తెలిసిపోయింది.

గల్ఫ్‌లో ఒక గోదాములో ఆయనది అట్టపెట్టెలు సర్దే పని. వీసా తొందరగా రావాలని ఇక్కడి ఏజెంటు, లేబుల్ ప్రింటర్ల మీద అనుభవం ఉందని కాగితాల్లో రాసేశాడు. ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదు. ఇప్పుడు గోదాములోకి కొత్త లేబుల్ ప్రింటరు దిగింది. వైరు లేకుండానే కంప్యూటరు చెప్పింది అందుకుని పెట్టెల మీద అంటించే చీటీలు కొడుతుందట. నీకు అనుభవం ఉంది కదా, శనివారం నాలుగు ప్రశ్నలు అడిగి మిషను నీకే అప్పజెబుతానన్నాడు సూపర్‌వైజరు. తెలియదంటే అబద్ధం బయటపడుతుంది, తిరుగు విమానం ఎక్కించేస్తారు.

మాన్యువల్ చివర ఉన్న పదాలను ఆయన అక్షరం అక్షరం చెబుతుంటే రాసుకున్నాను. ర్యామ్, ఫ్లాష్, బఫర్, ఎన్‌క్రిప్షన్, వెప్, డబ్ల్యూపీఏ.

"నువ్వు బీయస్సీ కదా, చూసి చెప్పు" అన్నారు.

నేను చదివింది కెమిస్ట్రీ. అయినా చూస్తానన్నాను.

మర్నాడు పిల్లల్ని బడిలో దింపి, తాటిపాక నుంచి ఆటోలో రాజోలు నెట్ సెంటరుకి వెళ్ళాను. నా పదాల కాగితం చూసి సెంటరాయన, "ఇవన్నీ ఎందుకండీ మీకు? ప్రింటే కావాలంటే నేను తీసి పెడతానండీ" అన్నాడు. నవ్వే ఓపిక లేదు నాకు. ఒక పదానికి అర్థం వెతికితే దాంట్లో మరో రెండు తెలియని పదాలు. వాటికోసం వెళితే మళ్ళీ మొదటి పదమే ఎదురొచ్చేది. రాసినవాడు ఎవరికోసం రాశాడో గానీ తెలియనివాళ్ళ కోసం మాత్రం కాదు. ర్యామ్ అంటే వోలటైల్ మెమరీ అని ఉంది. వోలటైల్ అంటే నాకు తెలిసిందల్లా మూత తీస్తే ఆవిరైపోయే స్పిరిటు. విసుగొచ్చినా ఒక్కొక్కటీ తెలుగులో టైపు చేసుకుంటూ కూర్చున్నాను. సగంలో కరెంటు పోయింది. తిరిగి వచ్చాక చూస్తే నేను కొట్టిన ముక్క ఒక్కటీ లేదు. "సేవ్ చేసుకోలేదాండీ?" అన్నాడాయన. ఏడుపొచ్చింది. ఆటోలో వస్తుంటే గానీ తట్టలేదు, ర్యామ్ అంటే అదేనని, కరెంటు పోతే ఆవిరైపోయేదని.

ఇంట్లో మా అత్తగారు, "వాడు పెట్టెలు మొయ్యడానికెళ్ళేడా, పరీక్షలు రాయడానికెళ్ళేడా అమ్మాయ్?" అన్నారు. ఆవిడకి సంగతి పూర్తిగా చెప్పలేదు. చెబితే భోజనం మానేస్తారు.

వెప్పూ, డబ్ల్యూపీఏ మాత్రం కొరుకుడు పడలేదు. రెండూ ఎన్‌క్రిప్షన్ రకాలే, అంటే గాలిలో పోయే మాటకి వేసే తాళాలు. మొదటిదాన్ని తేలిగ్గా విప్పేయొచ్చని, రెండోది గట్టిదని రాశారు. ఎందుకో అర్థం కాదు. గురువారం అన్నం దగ్గర మా పిల్లలిద్దరూ అక్షరానికో క తగిలించి క భాషలో ఏదో అనుకుంటున్నారు. మా అత్తగారు తలెత్తకుండానే, "పెరుగన్నం కాకులకెయ్యడం కాదు, తిని లెగండి" అన్నారు. తమ రహస్యం ఆవిడకి అర్థమైపోయిందని పిల్లలు తెల్లబోయారు. ప్రతిసారీ అదే క అయితే వినగా వినగా ఎవరికైనా దొరికిపోతుంది. అదే, మాట మాటకీ క మారిపోతూ ఉంటే? చేయి కడుక్కోకుండానే లేచి వెళ్ళి, నెట్ సెంటరులో ప్రింటు తీయించి తెచ్చుకున్న ఆ పేజీ మళ్ళీ చదివాను. ఈసారి అర్థమైంది.

శుక్రవారం ఫోన్లో మొదలుపెట్టాను. రెండు నిమిషాలకే ఆయన విసుక్కున్నారు. "నీ ఇంగ్లీషు నాకొద్దు, ఒక్క ముక్కలో చెప్పు." నాకూ కోపం వచ్చింది. మూడు రోజులుగా నిద్రలేదని అరిచాను.  తర్వాత నేనే తగ్గి, మన ఇంటి మాటల్లో మొదలుపెట్టాను.

"మీ అమ్మగారు తలుపు మీద సుద్దతో గీసే పాల లెక్క గీతలు ర్యామండీ. కరెంటు పోతే తుడిచేసినట్టే. మా పుట్టింటివాళ్ళు పేరు కొట్టించిన స్టీలు బిందె ఫ్లాషు. అది పోదు. చీటీల నమూనాలు అందులో దాచాలి."

"మరి బఫరు?"

"కొబ్బరికాయలు వలిచేవాడి ముందు పోసిన గుట్ట. వాడు ఒక్కొక్కటే వలుస్తాడు, వెనకాల వచ్చేవి గుట్టలో పడుంటాయి."

"ఆయ్" అన్నారు, తెలిసిందన్నట్టు. ఆ ఆయ్ విన్నాక నాకు ఊపిరి ఆడింది. క భాష చెబితే నవ్వారు కూడా.

శనివారం సాయంత్రం మళ్ళీ ఫోను. అన్నీ చెప్పేశారట. వెప్ ఎందుకు వద్దని అడిగితే, రోజూ ఒకే దొంగమాట వాడితే పక్కవాడు పట్టేస్తాడన్నారట. సూపర్‌వైజరు భుజం తట్టి మిషనూ, నెట్‌వర్కు తాళపు మాటా రెండూ ఆయన చేతికే ఇచ్చాడట. చెబుతూ చెబుతూ గొంతు తగ్గించారు. ఇది తెలిసినవాడు అక్కడ ఆయనొక్కరే కాబట్టి, ఈ ఎండాకాలం ఇంటికి రావాల్సిన సెలవు కుదరదన్నారట. వచ్చే ఏడు చూద్దామన్నారట.

ఫోను పెట్టేసి పదాల కాగితం చూశాను. అంత బాగా చెప్పకుండా ఉండాల్సిందా అనిపించింది. అప్పుడు ఉద్యోగమే పోయేది. ఎటు తిప్పినా అంతే. ఆ యంత్రం మీద వచ్చిన కోపం ఎవరి మీద చూపించాలో తెలియలేదు.

తెల్లారి జడలు వేస్తుంటే, నాన్న మామిడిపళ్ళ రోజులకి వస్తారుగా అని పెద్దది చెల్లెలితో క భాషలో అంటోంది. నాకు అర్థం కాదనుకుంది. ఇద్దర్నీ నా వైపు తిప్పుకుని చెప్పాను. "నాన్న ఉద్యోగం నిలబడింది. ఈ ఎండాకాలం రారు. మామూలు భాషలోనే చెబుతున్నాను, మళ్ళీ మళ్ళీ అడగొద్దు."