కిటికీకి అడ్డం పెట్టిన పరుపు

మా ఇంట్లో పాటల సభ జరుగుతుందని ఒకప్పుడు ఎవరైనా చెప్పి ఉంటే, పాపం ఎండదెబ్బ తగిలిందేమోనని గ్లాసెడు మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టేదాన్ని. మాది నెల్లూరులో ఒక ఇరుకు వీధి. ముందు గదిలో పరుపుల కొట్టు, దాని వెనక ఇల్లు, ఇంటి వెనక రేకుల షెడ్డులో దూది ఏకే మిషను. తాతల కాలం నుంచి దూది ఏకి పరుపులు కుట్టే కుటుంబం మాది. ఇప్పుడు కొట్టులో అమ్మేది మాత్రం ఫోమ్ పరుపులు. ఆగిపోయిన మిషను మీద అమ్మ వడియాల చాటలు పెట్టుకుంటోంది. పాత దూది ఏకి ఇవ్వమని ఎవరైనా వస్తే నాయన "మానేసినా" అని ఒక్క మాటతో పంపేసేవాడు.

నేను కృష్ణపట్నం పోర్టు దగ్గర ఒక షిప్పింగ్ ఆఫీసులో పని చేస్తాను. పొద్దున కంపెనీ బస్సు, సాయంత్రం కంపెనీ బస్సు. ఆదివారం ఒక్కటే నాదనుకునేదాన్ని, అక్క వచ్చి దాన్నీ లాక్కుంది.

అక్క అంటే నాకు తోడబుట్టినది కాదు. ఊళ్ళో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పే మనిషి. మా కొట్టుకు ఆమె మొదటిసారి వచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. పరుపు కొనేవాళ్ళెవరైనా చేత్తో నొక్కి చూస్తారు, మరీ మొహమాటం లేనివాళ్ళు పడుకుని చూస్తారు. ఈమె పరుపుల దొంతరల మధ్య నిలబడి చప్పట్లు కొట్టింది. ఒకసారి కొట్టి, చెవి ఒగ్గి విని, మళ్ళీ కొట్టింది. నాయన నా వైపు చూశాడు. నేను నవ్వు ఆపుకోవడానికి ఫోను వైపు చూశాను.

"అన్నా, ఇక్కడ ఎంత అరిచినా బయటికి వినపడదు గదా?" అంది.

"పరుపుల కొట్టులో అరిచే పనేముంది మా?" అన్నాడు నాయన.

అప్పుడు చెప్పింది. ఆదివారం మధ్యాహ్నాలు ఎక్కువగా వాళ్ళింట్లో, ఎప్పుడన్నా ఒకసారి వేరే ఎవరింట్లోనో కొందరు చేరి పాడుకుంటారట. టికెట్లు లేవు, స్టేజీ లేదు, మైకు లేదు. వచ్చినవాళ్ళు చాప మీద కూర్చోవడం, తెచ్చుకున్నది పంచుకు తినడం, పాడేవాళ్ళు పాడటం, అంతే. ఆ శబ్దం పక్కింటికి పోకుండా గోడలకు ఆనించడానికి ఆమెకు పరుపులు కావాలి.

ఆ వారమే నన్నూ రమ్మంది. ఆ ఒక్కసారి చూసి వద్దామని వెళ్ళాను. బోగోలు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ, చేపలు ఎండబెట్టేటప్పుడు పాడుకునే పాటలు పాడింది. బాగానే ఉంది అనుకునేలోపు, థర్మల్ ప్లాంటులో షిఫ్టులు చేసే ముగ్గురు కుర్రాళ్ళు గిటారూ బోర్లించిన బకెట్టూ ముందేసుకుని మొదలుపెట్టారు. పక్క గదిలో ఎవరో కొట్టుకుంటున్నారేమో అన్నంత గోల. దాన్ని పంక్ అంటారని అక్క నా చెవిలో చెప్పింది. బూడిద గురించి, తప్పిపోయిన బస్సు గురించి, నైట్ షిఫ్టు తర్వాత రాని నిద్ర గురించి వాళ్ళే రాసుకున్న పాటలు. తల ప్రాణం తోకకొచ్చింది. కానీ బస్సు పాటలో నన్ను ఎక్కించుకోకుండా వెళ్ళిపోయిన కంపెనీ బస్సే కనిపించింది. తర్వాతి ఆదివారం ఎవరూ పిలవకుండానే వెళ్ళాను.

ఆ సభలకు ఒక నియమం ఉండేది. ఎవరి ఇంట్లో పాడుతున్నారో, ఆ ఇల్లు ఇవ్వడానికి సరే అన్నదెవరో, మొదటి పాట వాళ్ళదే. గొంతు బాగుందా లేదా అన్న ప్రశ్నే లేదు. ఒకాయన తన చిన్ననాటి బడి ప్రార్థన పాడితే అందరం చేతులు కట్టుకుని నిలబడ్డాం. ఒకావిడ సగం పాడి మిగతాది మర్చిపోయి నవ్వేసింది, దాన్నే పాటగా లెక్క వేశారు. అక్క కూడా గిటారు వాయిస్తూ పాడేది, కానీ ఆ మొదటి పాట కాకుండా తీగ తాకేది కాదు.

"ఎందుకక్కా ఇంత పట్టుదల?" అని అడిగాను ఒకసారి.

"ఇంటోళ్ళు పాడకపోతే అది ఇల్లెట్ట అవుద్ది? హాలవుద్ది. హాలే కావాలంటే కల్యాణమండపం మాట్లాడుకోనా?" అంది.

మొండిఘటం. ఆ మొండితనమే నాకు నచ్చింది. మా ఆఫీసులో మేనేజరు దగ్గితే చాలు, అందరూ మాట మార్చేస్తారు. ఈమె పాఠం చెప్పినా, పాట పాడినా, ఉప్మాలో ఉప్పు ఎక్కువైందన్నా ఒకటే గొంతు.

కానీ ఆ గొంతుకు అక్క ఉండే అద్దె ఇల్లు నిలబడలేదు. ఇంటికి ఎవరెవరో వస్తున్నారని ఒక ఓనరు ఖాళీ చేయించాడు. రెండో ఇంట్లో మా పరుపులు గోడల నిండా పెట్టినా, పక్కింటివాళ్ళు పిల్లాడి పరీక్షలని గొడవ పెట్టుకున్నారు. అదీ ఖాళీ చేసి, ఆ పరుపులన్నీ ఆటోలో వేసుకుని అక్క తిరిగి మా కొట్టుకే తెచ్చింది. నాయన టీ తెప్పించాడు. తాగకుండా గ్లాసు చేతిలో తిప్పుతూ కూర్చుంది.

"ఇంకొక ఇల్లు ఎతికే ఓపిక లేదన్నా. గిటారు ఎవరికన్నా ఇచ్చేసి ఆదివారాలు నిద్రపోతా" అంది.

ఆ ఆదివారాలు లేకపోతే నాకు మిగిలేది రెండు బస్సులే. అది నా స్వార్థం. కానీ ఆమె ముఖం చూస్తే స్వార్థం కూడా గుర్తురాలేదు. క్లాసులో రోజంతా అరిచి అలసిపోయినా మెరిసే కళ్ళు ఆ రోజు మెరవలేదు.

నాయన పరుపుల వైపు చూశాడు. "ఈ పరుపులు మోసుకుని ఊరంతా తిరగడమెందుకు మా? పరుపులుండే చోటికే మీరు రండి. ఈ గదిలో పాడుకోండి" అన్నాడు.

నేను, లోపలి నుంచి వింటున్న అమ్మ, ఇద్దరం నోళ్ళు తెరిచాం. అయితే నాయనవీ రెండు షరతులు. పొద్దుగూకాక మసీదులో ఇచ్చే మగ్రిబ్ అజా వినపడేలోపు పాట ఆపేయాలి. రెండోది, వీధిలో ఏ ఒక్కరు వచ్చి తలుపు తట్టినా అంతటితో సరి. "ఈ వీధిలో మొకం ఎత్తుకుని బతకాల కదా మా" అన్నాడు. ఆయన భయమంతా ఎదురింటావిడ గురించి. మిషను ఆడే రోజుల్లో దూదిపొట్టు తన వరండాలోకి వస్తోందని వీధి చివరి దాకా వినపడేలా తిట్టిన మనిషి. ఆవిడ నోటికి మా ఇంట్లో అందరం జడుసుకునేవాళ్ళం.

అక్క రెండు షరతులకూ ఒప్పుకుని, తన నియమం చెప్పింది. నాయన టీ గ్లాసు కింద పెట్టేశాడు.

"నేను పాడేదా? నా వల్ల కాదు. మా ఇంటామె పాడుద్దిలే."

"సరే అన్నది నువ్వు. నేనెందుకు పాడతా?" అంది అమ్మ లోపల్నుంచి. ఆమెకిలాంటి అవకాశాలు ఎప్పుడో గానీ రావు.

ఆ వారమంతా నాయన కొట్టు కట్టేసిన వెంటనే వెనక షెడ్డులోకి వెళ్ళిపోయేవాడు. పాడతానని అనలేదు, ఇల్లు ఇవ్వనని కూడా అనలేదు. నేను అక్కకు ఫోను చేసి బతిమాలాను. ఈ ఒక్కసారికి నియమం పక్కన పెడదాం, ఇది పోతే మళ్ళీ ఇల్లు దొరకదు కదా అన్నాను. "ఆయన సరే అన్నాడు. పెద్ద మనిషిని మనమెందుకు తక్కువ చేయాల?" అని పెట్టేసింది. నాకు ఇద్దరి మీదా కోపం వచ్చింది. ఒకరు నోరు తెరవరు, ఒకరు పట్టు వదలరు. మధ్యలో నలిగేది నేను.

ఆదివారం వచ్చింది. కిటికీకి ఒక పెద్ద పరుపు, వీధి తలుపుకి రెండు పరుపులు అడ్డం పెట్టాం. జనం పెరటి దారిన ఒక్కొక్కరే వచ్చి చాపల మీద కూర్చున్నారు. ప్లాంటు కుర్రాళ్ళు బకెట్టు బోర్లించుకున్నారు. గాలి ఆడక అందరికీ చెమటలు కారుతున్నాయి. నాయన మాత్రం షెడ్డులోంచి బయటికి రాలేదు. అక్క గిటారు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చిన్న స్పీకరు పెట్టెకు వైరు కూడా తగిలించింది, కానీ తీగ ముట్టుకోలేదు. ఒకరిద్దరు గుసగుసలాడారు. అమ్మ శనగ గుగ్గిళ్ళు పంచింది, అవీ అయిపోయాయి. అజా వేళ దగ్గర పడుతోంది. పాట లేకుండానే లేచిపోయే సభ ఇదే అవుతుందని, అక్క ఇక ఎప్పటికీ గిటారు పట్టదని నాకు ఏడుపొచ్చేసింది.

అప్పుడు నాయన వచ్చాడు. ఆయన భుజం మీద విల్లు, చేతిలో దాని నారిని కొట్టే కొయ్య ఉన్నాయి. మిషన్లు రాకముందు దూది ఏకిన విల్లు అది, మనిషంత పొడుగు. నేను పుట్టినప్పటి నుంచి షెడ్డు గోడకి వేలాడుతూ ఉండటమే చూశాను. దానికి కొత్త నారి కట్టి ఉంది. వారమంతా ఆయన షెడ్డులో ఏం చేశాడో నాకు అప్పుడు తెలిసింది.

"నాకు పాట రాదు మా. నాకొచ్చింది ఒకటే కేక. బోగోలు వైపు పల్లెల్లో ఏళ్ళ తరబడి అదే ఏసినా" అన్నాడు అక్కతో.

"అదే ఎయ్యన్నా" అంది అక్క.

నాయన విల్లు ఎత్తి, గోడల చుట్టూ చూసి, దించేశాడు. "తలుపులు మూసుకుని ఎవురన్నా కేకేస్తారా? వీధి కనపడాల" అంటూ వెళ్ళి కిటికీకి అడ్డం పెట్టిన పరుపు లాగి పక్కన పడేశాడు. రెండు రెక్కలూ తెరిచాడు. ఆయన పెట్టిన షరతు ఆయనకే గుర్తులేదు. నేను ఆపబోయాను. అక్క నా చెయ్యి పట్టుకుంది.

కొయ్యతో నారిని కొట్టాడు. గది అంతా ఝుమ్మని మోగింది. మళ్ళీ కొట్టి, తల పైకెత్తి కేక వేశాడు.

"పాత పరుపులూ... దిండ్లూ... దూది ఏకతామమ్మో!"

మా నాయన గొంతు అంత పెద్దదని నాకు తెలియదు. కొట్టు పెట్టుకున్నాక, వీధి వీధీ తిరిగి కేకలేసిన సంగతి ఎవరైనా ఎత్తితేనే చిన్నబోయేవాడు. అలాంటి మనిషి కిటికీ ఊచల మధ్య నుంచి వీధి మొత్తాన్నీ పిలుస్తున్నాడు. చివర్న 'అమ్మో' అన్న చోట గొంతు పైకి లేచి, విరిగి, మళ్ళీ నారి మోతలో కలిసింది. బకెట్టు వాయించే కుర్రాడు తనకు తెలియకుండానే దానికి దరువు వేయడం మొదలుపెట్టాడు. అక్క కళ్ళు మెరుస్తున్నాయి. నాకు గర్వంగా ఉంది, చెప్పుకోవడానికి సిగ్గెందుకు.

అంతలో వీధి తలుపు దబదబా మోగింది.

అందరం బిగుసుకుపోయాం. నాయన చేతిలో కొయ్య ఆగిపోయింది. తనేం చేశాడో అప్పుడు అర్థమైంది ఆయనకి. నేను కిటికీ దగ్గరికి వెళ్ళి చూశాను. ఎదురింటావిడే. అక్క గిటారు వైరు పీకేసి చుట్ట చుట్టడం మొదలుపెట్టింది.

నాయన పరుపులు జరిపి తలుపు తీశాడు. ఎదురింటావిడ చంకలో ఒక దిండు ఉంది. ఏళ్ళుగా నలిగి అట్టలా అయిపోయిన దిండు.

"ఏం అబ్బయ్యా, మళ్ళా మొదులుపెట్టినావా? ఒక మాట చెప్పకూడదా! ఇది రాయైపోయి మెడ తిప్పలేకుండా ఉండా. నిన్నడిగితే మానేసినా అంటివి" అంటూ దిండు ఆయన చేతుల్లో పడేసింది. తర్వాత లోపలికి తొంగి చూసింది. "ఇంతమంది ఏంది? ఏం జరగతా ఉంది?"

అక్క లేచి నిలబడింది. "పాటలు పాడుకోవాలని వచ్చినాం పెద్దమ్మా. ఆపేసినాం" అని, నాయన వైపు తిరిగింది. "తలుపు తట్టినారన్నా. షరతు షరతే."

తన నియమం నిలబెట్టుకోవడానికి ఎంత గట్టిగా కూర్చుందో, తనకు నష్టమయ్యే షరతు నిలబెట్టడానికీ అంత గట్టిగానే నిలబడింది. అలాంటి మనిషిని నేను అంతకు ముందు చూడలేదు, ఇప్పటికీ ఇంకొకరిని చూడలేదు.

నాయన దిండును రెండు చేతులా పట్టుకుని కాసేపు నొక్కి చూశాడు. "ఈమె వచ్చింది నా కేకకి మా. నీ పాటకి ఇంకా ఎవురూ రాలేదు గదా. పాడు" అన్నాడు.

అక్క కూర్చుంది. వైరు మళ్ళీ తగిలించింది. అమ్మ చాప మీద కాస్త జరిగి ఎదురింటావిడకు చోటిచ్చింది. ఇక శబ్దం వీధిలోకి పోకూడదు కదా అని, నాయన కింద పడున్న పరుపు ఎత్తి కిటికీకి అడ్డం పెట్టబోయాడు.

ఎదురింటావిడ కొంగుతో విసురుకుంటూ అంది.

"ఉండనీ అబ్బయ్యా. గాలొస్తా ఉంది."