రెండు మెట్లు పైకి

మొన్న ఆదివారం మధ్యాహ్నం టీవీలో ఆ సినిమా వేశారు. పాటల ధ్యాసలో పడి, ప్రేమించిన ముగ్గురమ్మాయిలనూ ఒకరి తర్వాత ఒకరిని పోగొట్టుకునే గాయకుడి కథ. నవ్విస్తూనే మనసు మెలిపెడుతుంది. "ఏంటండీ, కామెడీ సీనుకి పళ్ళు కొరుకుతున్నారు?" అంది మా ఆవిడ. ఆ సినిమా నేను మొదటిసారి చూసింది రామచంద్రపురంలో, మ్యాట్నీకి, మా మేనమామ కూతురి పక్కన కూర్చుని. ఆమెకి అటుపక్కన గిటారు వాయించే లెక్కల మాస్టారు కూర్చున్నాడు.

అప్పట్లో మా చర్చి క్వయర్‌లో నేను కీబోర్డు వాయించేవాణ్ణి. మరదలు పాడేది. ఆమె పాటలో ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో నా వేళ్ళకి ముందే తెలిసిపోయేది. పెద్దలెవరూ ఏమీ అనుకోకపోయినా, నా మటుకు నేను అన్నీ అనేసుకున్నాను. అంతలో కాన్వెంటులో లెక్కలు చెప్పడానికి రాజమండ్రి నుంచి ఈ మాస్టారు దిగి, మా క్వయర్‌లోనూ చేరాడు. నలగని చొక్కా, చేతిలో గిటారు, చిన్నపిల్లల్ని కూడా 'అండి' అని పిలిచే మర్యాద. తిట్టుకోవడానికి సందివ్వని మనిషిని తిట్టుకోవడం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది నాకు. హాల్లో వాళ్ళిద్దరూ తెర చూస్తుంటే నేను వాళ్ళని చూశాను. ఒకే చోట నవ్వారు. హీరో తన పాత ప్రియురాలి పెళ్ళిలో పాడుతుంటే మరదలు కళ్ళు తుడుచుకుంది, మాస్టారు రుమాలు అందించాడు. నా జేబులోనూ రుమాలుంది. కాకపోతే, అది ఉతికి వారమైంది.

ఈస్టర్ ఆరాధనలో వాళ్ళిద్దరూ కలిసి పాడాలి. ఆ ఉదయం నేను చేసిన పని ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు. పాట మొదలుపెట్టే ముందు, కీబోర్డు మీద బటన్ నొక్కి శ్రుతి రెండు మెట్లు పెంచేశాను. పై స్థాయికి వెళ్ళేసరికి మాస్టారి గొంతు చీలిపోవాలని. ఆయన తెలివిగా కింది స్థాయిలోకి దిగిపోయాడు. చీలింది మరదలి గొంతు. పాట ఆగిపోయింది. ఆమె నా వైపు తిరిగి, నా వేలెక్కడుందో చూసి, మెల్లగా "తగ్గించు బావా" అంది. తగ్గించాను. మళ్ళీ మొదటినుంచి పాడారు. అంత బాగా వాళ్ళు అంతకుముందెప్పుడూ పాడలేదు.

వేసవి సెలవులకి ఊరెళ్ళిన మాస్టారు తన పెళ్ళి శుభలేఖ పంపాడు. సంబంధం ఏడాది కిందటే కుదిరిందట. మరదలు మా పెరట్లో నూతిగట్టు మీద కూర్చుని ఏడ్చింది. నాకు సంతోషమేసింది, ఆ సంతోషానికి సిగ్గూ వేసింది. నెల ఆగి, నా మనసులో మాట చెప్పాను.

"నువ్వు మంచోడివే బావా. కానీ నువ్వు వాయిస్తుంటే పాడాలంటే భయమేస్తోంది" అంది.

తర్వాత తణుకులో సంగీతం టీచరుగా చేరింది. పాటకీ మాటకీ తేడా తెలియని ఒక మంచి మనిషిని చేసుకుంది. సుఖంగా ఉంది. ఆ మాస్టారు మా ఊళ్ళో ఉన్నది తొమ్మిది నెలలే. ఆయన మీద నా కుళ్ళుకి మాత్రం ఇరవయ్యేళ్ళు నిండాయి.