మిరప కళ్లంలో వెలుగు పేరు

విశాఖ నుంచి వెళ్లి, వినుకొండ దగ్గర ఓ మిరప కళ్లంలో చీకటి పడగానే ట్రైపాడ్ నిలబెట్టాను. షట్టర్ తెరిచి ఉంచితే, గాల్లో టార్చితో ఏం రాసినా ఫొటోలో నిలుస్తుందని కాయలకు కాపలా ఉన్న ముసలి దంపతులకు చెప్పాను.

"తాత పేరు చెప్పు మామ్మా, రాస్తాను."

"అమ్మో, మొగుడి పేరు నోటితో అంటారా!" అని నాలిక్కరుచుకుంది. అంతలోనే చెయ్యి చాపి, "ఆ లైటు ఇటియ్యి. రాస్తే తప్పులేదులే," అంది.

కెమెరాకు ఎదురుగా నిలబడి రాసింది కదా, ఫొటోలో అక్షరాలు అద్దంలోలా తిరగబడ్డాయి. సరిచేసి చూపించాను. ఎర్రటి కాయల మీద ‘కోటయ్య’ అని వెలుగుతోంది. తాత మంచం దిగొచ్చి చాలాసేపు చూశాడు.

"ఒక్కసారి చదవవే," అన్నాడు.

ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "కళ్లున్నాయిగా, మీరే చదువుకోండి."

తాత తన పేరు తానే, మెల్లగా, పైకి చదువుకున్నాడు.