చెన్నమ్మ కండెల కూలి

ధర్మవరం నేతగాళ్ల వీధిలో చెన్నమ్మ ఇల్లు ఏదని అడిగితే ముందు నవ్వుతారు, తర్వాతే ఇల్లు చూపిస్తారు. సొంత ఇంట్లో, సొంత మగ్గం దగ్గర పనిచేసి, కట్టుకున్న మొగుడి చేత కూలి ఇప్పించుకునే మనిషి మరి. చీర అమ్ముడుపోయిన రోజు జయరాముడు గడప దాటగానే ఆమె చెయ్యి చాపుతుంది. మంచినీళ్లయినా ఆ తర్వాతే. కొన్నవాళ్లు డబ్బు ఫోన్లో వేస్తున్న ఈ రోజుల్లో కూడా ఆయన దారిలో ఏటీఎం దగ్గర ఆగి, ఆమె కూలి మటుకు నోట్లుగా తెచ్చి తీరాలి.

ఇది ఇప్పటి సంగతి కాదు. ఒకప్పుడు వాళ్ల మగ్గానికి కండెలు చుట్టడానికి పక్క సందులోంచి ఒకావిడ వచ్చేది. మగ్గం మీద అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టే పట్టునూలును రాట్నం తిప్పుతూ చిన్న చిన్న కండెలకు చుట్టడమే ఆ పని. మోకాళ్ల నొప్పులతో ఆవిడ మానేశాక చెన్నమ్మే రాట్నం ముందు కూర్చుంది. కూలి మిగిలిందని జయరాముడు సంబరపడ్డాడు. ఆ సంబరం చీర అమ్మేదాకానే. ఆవిడకిచ్చే డబ్బు ఇకనుంచి నాకివ్వమని చెన్నమ్మ అడిగింది. ఆయన నవ్వాడు, కసిరాడు, మాట్లాడటం మానేశాడు. ఆమె రాట్నం ముట్టడం మానేసింది. కండె లేకపోతే మగ్గం ఆడదు కదా, చివరికి ఆయనే దిగివచ్చి డబ్బు చేతిలో పెట్టాడు. మర్నాడు పొద్దున్నే ఆమె బ్యాంకుకు వెళ్లి కట్టేసి వచ్చింది. అప్పటినుంచి అదే తీరు. ఏటీఎం కార్డు ఇస్తామంటే కూడా వద్దంది. ఎంత కూడిందో జయరాముడు ఎన్నడూ అడగలేదు. అడిగితే తాను ఓడిపోయినట్టవుతుందని ఆయన బాధ.

అరుణజ్యోతి ఆ ఇంటికి కోడలిగా వచ్చేసరికి ఈ సంగతులేవీ తెలియవు. తాడిపత్రి పిల్ల, తండ్రి బండల పాలిష్ ఫ్యాక్టరీలో పని చేస్తాడు. భర్త కార్తికేయ తన తండ్రితో పాటు మగ్గం నేస్తాడు. అత్తకు నడుం నొప్పిగా ఉందని తెలిసి, ఎవరూ చెప్పకుండానే ఆమె రాట్నం నేర్చుకొని కండెలు చుట్టిపెట్టింది. ఆ చీర అమ్మిన రోజు చెన్నమ్మ తన చేతిలో పడిన నోట్లలోంచి కోడలు చుట్టిన వంతు విడదీసి ఆమె చేతిలో పెట్టింది.

అరుణజ్యోతి ముఖం మాడిపోయింది. ఇంటి మనిషిననుకొని చేస్తే కూలిదాన్ని చేసేసిందే అని లోపల కుతకుతలాడిపోయింది.

"నేనేం కూలికి రాలేదత్తా" అని నోట్లు కిటికీలో పెట్టేసి వంటింట్లోకి వెళ్లింది.

చెన్నమ్మ బతిమాలలేదు, కోప్పడలేదు. ఆ నోట్లు తీసి అటక మీదున్న పాత బిస్కెట్ డబ్బాలో వేసింది. తర్వాతి చీరకూ అంతే. ఆమె ఇవ్వడం, ఈమె కిటికీలో పెట్టడం, అవి డబ్బాలోకి చేరడం. ఒకసారి మాత్రం రాట్నం ఆపి చెప్పింది.

"మిగిలినాయి అనుకున్న దుడ్లు యా ఇంట్లోనూ మిగల్లేదమ్మా. ఎవురో ఒకరు చెయ్యి చాపి తీసుకుంటేనే అవి ఉంటాయి."

ఆ మాట కోడలి చెవికెక్కలేదు. డబ్బు మీద ఆశకు అత్త మంచి ముసుగే వేసిందనుకొని ఊరుకుంది.

అనంతపురం సీమలో వాన పడితే పండగే. వేరుశనగ వేసినవాడు మబ్బుకు చేతులెత్తి మొక్కుతాడు. నేతగాడి గుండెల్లో మాత్రం రాయి పడుతుంది. మగ్గం కింద కాళ్లాడించడానికి తవ్విన గుంత ఉంటుంది కదా, ఇంట్లోకి వచ్చిన నీళ్లు నేరుగా వెళ్లేది అందులోకే. ఎండి ఎండి ఉన్న ఊరి మీద ఆ ఏడాది ఒక సాయంత్రం ఆకాశం కుమ్మరించింది. వీధి కాలువ పొంగి గడప దాటింది. తండ్రీ కొడుకులు బక్కెట్లతో తోడుతుండగానే గుంత నిండి, మగ్గానికి చుట్టిన నిలువు పోగుల పడుగు మునిగింది. నీళ్లు తీశాక చూస్తే అంచు ఎరుపు పసుపులోకి దిగి, జరీ నల్లబడి ఉంది. ఒక్క చీరకూ పనికిరాదు.

అది సొంత పట్టు. జయరాముడు వయసులో ఉండగా ఒక షావుకారు దగ్గర అడ్వాన్సు తీసుకొని, అది తీరేదాకా ఆయనిచ్చిన పట్టే, ఆయన చెప్పిన మజూరీకే నేసినవాడు. ఆ ఉచ్చులోంచి బయటపడి సొంత పట్టు కొనుక్కునేసరికి తల నెరిసింది. ఇప్పుడు కొత్త పడుగు కొనడానికి చేతిలో ఏమీ లేదు. సంగతి తెలిసి ఇంకో షావుకారు మనిషిని పంపాడు. అడ్వాన్సు ఇస్తాను, తండ్రీ కొడుకులిద్దరూ వచ్చి కాగితం మీద సంతకం పెట్టమన్నాడు. జయరాముడు గుంత గట్టున కూర్చొని, కొడుకు ముఖం చూడలేక, రేపు వస్తామని చెప్పి పంపించాడు.

ఆ పూట బియ్యం అరువు తెచ్చుకున్నారు. అటక మీది డబ్బాలోవి తీస్తే కొన్నాళ్లు గడుస్తుంది కదా అని కార్తికేయ అడిగాడు. చెన్నమ్మ తల అడ్డంగా ఊపింది.

"అవి మనవి గావు."

అరుణజ్యోతికి ఒళ్లు మండింది. ఇల్లు మునిగిపోతున్నా ఈ మనిషికి డబ్బా మీద ఆశ చావలేదనుకుంది.

మర్నాడు చెన్నమ్మ, తాను తిరిగి వచ్చేదాకా సంతకం పెట్టొద్దని మొగుడికి చెప్పి, కోడల్ని వెంటబెట్టుకొని బ్యాంకుకు వెళ్లింది. సంచిలోంచి డిపాజిట్ రసీదులు తీసి బల్ల మీద పరిచింది. ఒకటీ రెండూ కాదు, అన్నీ చిన్న చిన్నవి. ఎప్పుడో ఒక మేనేజరమ్మ దగ్గర కూర్చోబెట్టుకొని చెప్పిందట. మొత్తం ఒకటే పెద్ద డిపాజిట్‌గా వేస్తే కాస్త అవసరానికి కూడా అంతా రద్దు చేసుకోవాల్సి రావచ్చు, చిన్నవిగా వేసుకుంటే కావలసినన్నే తీసుకొని మిగతావాటి వడ్డీ నడవనివ్వొచ్చు అని. చెన్నమ్మ ఆ మాట తు.చ. తప్పకుండా పాటించింది. గడువు తీరినవాటిని వడ్డీతో సహా మళ్లీ వేస్తూ వచ్చింది.

అరుణజ్యోతి ఒక్కో రసీదూ తిప్పి చూసింది. అదంతా కండెలే. వంగిన ఆ నడుము, చీర చీరకూ చాపిన ఆ చెయ్యి, వీధంతా నవ్విన నవ్వు. ఆ నవ్వులో తన వంతు కూడా ఉందని తలుచుకొని సిగ్గుపడింది. రోజూ పక్కన కూర్చొని కూరగాయలు తరిగే మనిషి ఇంత గొప్పదని తెలియక తిరిగానే అనుకుంది. చెన్నమ్మ మాత్రం పడుగుకూ పేకకూ సరిపడా రసీదులు పక్కకు తీసి డబ్బుగా మార్పించి, మిగతావి మడిచి సంచిలో పెట్టుకుంది.

ఇంటికొచ్చి డబ్బు మొగుడి ముందు పెట్టింది. జయరాముడు దాన్ని ముట్టుకోకుండానే వంగి చూశాడు.

"ఇదంతా నేనిచ్చిందేనా?" అన్నాడు.

"నువ్విచ్చిందే. నేను సుట్టింది" అంది చెన్నమ్మ. "ఊరికే గాదు, చీర చీరకూ తిరిగి కట్టాల."

షావుకారు దగ్గరికి ఎవరూ పోలేదు. కొత్త పడుగు వచ్చింది, మగ్గం మళ్లీ ఆడింది. మొదటి చీర అమ్ముడుపోయిన రోజు చెన్నమ్మ చెయ్యి చాపకముందే జయరాముడు నోట్లు ఆమె చేతిలో పెట్టాడు. ఆమె ఎప్పటిలా కోడలి వంతు విడదీసింది గానీ, కిటికీలోకే కదా పోయేది అన్నట్టు తానే డబ్బా కోసం అటక వైపు తిరిగింది.

అరుణజ్యోతి వంటింట్లోంచి వచ్చి, తడి చెయ్యి కొంగుకు తుడుచుకొని చాపింది.

"నా కూలి, అత్తా."

చెన్నమ్మ ఆ చేతిలో నోట్లు పెట్టింది. తర్వాత డబ్బా దించి, మూత తీసి, కోడలి ఒళ్లో ఉంచింది. మొదటిసారి కిటికీలో పెట్టినవాటి దగ్గర్నుంచి అన్నీ అలాగే ఉన్నాయి.

"నువ్వొద్దంటే మావైపోతాయా?" అంది.

బియ్యం అరువు తెచ్చుకున్న పూట కూడా ఆ డబ్బా మూత తియ్యలేదు. అరుణజ్యోతికి అది గుర్తొచ్చి కళ్లు నిండాయి. కొంగుతో తుడుచుకొని, బ్యాంకు పొద్దున ఎన్నింటికి తీస్తారని అత్తను అడిగింది.