కాగితం పళ్లెంలో ఎనిమిది కాలేజీలు

అయోవా రాష్ట్రంలోని మా బడి భోజనశాలలో వంటింటి కిటికీకి ఎదురుగా ఉన్న బల్ల లోర్నా ట్యాడెన్‌ది. పైచదువుల సలహాదారుగా ఆవిడకు మేడ మీద గది ఉంది. ఆ గదిలోకి రావడానికి పిల్లలు జంకుతారని ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఇక్కడే కూర్చుంటుంది. వడ్డిస్తూ వడ్డిస్తూ నేను అన్నీ విన్నాను. దేవుడు క్షమించాలి, వినాలనే విన్నాను.

సెప్టెంబరు వచ్చిందంటే ఆవిడ చేతిలో చర్చి విందులో మిగిలిన కాగితం పళ్లేలు ఉంటాయి. పిల్లలు తాము చేరాలనుకునే కాలేజీల పేర్లు వాటి మీదే రాయాలి.

"విందులో వంటకాల్లాగే, ఎనిమిదికి మించి పట్టవు. నీ వంతు వచ్చేసరికి అయిపోయే రకాలు రెండు. కాస్త కలిసొస్తే దక్కేవి నాలుగు. ఖాయంగా దొరికేవి రెండు, అవీ నువ్వు ఇష్టంగా తినేవే అయ్యుండాలి" అంటుంది.

రాసిన పళ్లేలను ఇంటికి పట్టుకెళ్లి ఫ్రిజ్ తలుపుకు అంటించి, పొద్దున్నే ఒక్కో బిడ్డ పేరూ పలికి ప్రార్థన చేస్తుంది. చేతి తొడుగులు మరచి వచ్చే పిల్లల కోసం ఆవిడ సంచిలో ఎప్పుడూ రెండు జతలు అదనంగా ఉంటాయి.

అంత మెత్తని మనిషిలో ఎంత కొంటెతనం దాగి ఉందో గ్రేటా ఊబెన్ పళ్లెం తెచ్చిన రోజున చూశాను. గ్రేటా పందుల పెంపకందారు కూతురు, లెక్కల్లో దిట్ట. కంప్యూటర్ శాస్త్రం తప్ప మరొకటి చదవనని ఎనిమిదో తరగతి నుంచీ చెబుతోంది. పళ్లెం మీద ఉన్న ఎనిమిదీ వందమందిలో ఐదారుగురిని మించి తీసుకోని కాలేజీలే. ప్రతి పేరు పక్కనా "కీటక శాస్త్రం" అని రాసి ఉంది.

"ఇదేంటమ్మాయ్?"

"కంప్యూటర్‌కైతే అందరూ ఎగబడతారు మేడమ్. కీటకాలకి ఎవరూ రారు. అటు నుంచి దూరి, చేరాక ఇటు మారిపోతా."

"బుర్రంటే నీదే! ఏదీ, మూడు కీటకాల పేర్లు చెప్పు."

"చీమ, దోమ... సాలీడు."

"కీటకానికి ఆరే కాళ్లు, సాలీడుకి ఎనిమిది తల్లీ. అది పిలవకుండా విందుకొచ్చిన చుట్టం."

నేను గరిటె పట్టుకునే నవ్వాను. లోర్నా నవ్వలేదు. ఫోను తీసి, పళ్లెంలో మొదటి కాలేజీకి చేసి, అందరికీ వినబడేలా బల్ల మీద పెట్టింది. కీటకాల విభాగంలో ఎత్తింది ఒక పెద్ద వయసు ప్రొఫెసరు.

"అయ్యా, మా పిల్ల మీ దగ్గర చేరి తర్వాత కంప్యూటర్‌కి మారొచ్చా?"

"మారడమా! ఆ తలుపు మూసి రెండేళ్లయిందమ్మా. ఈ నెలలో ఈ మాట అడిగినవాళ్లలో మీరు పదకొండోవారు. పోనీ, పిల్లకి కీటకాలంటే ఇష్టమేనా?"

"ఇదిగో, తననే అడగండి" అని ఫోను గ్రేటా చేతిలో పెట్టి, లోర్నా కాఫీ కోసం నా దగ్గరకు వచ్చేసింది.

ఆ పెద్దాయనకు వినేవాళ్లు దొరికి ఎన్నాళ్లయిందో! పేడపురుగు ఉండను ఎటు దొర్లిస్తుందో ఇరవై నిమిషాలు చెప్పాడు. మర్యాద నేర్పి పెంచిన మా అయోవా పిల్ల కదా, పెద్దవాళ్ల మాట మధ్యలో ఫోను పెట్టేయలేకపోయింది. "ఆహా, అవునాండీ" అంటూ చెమటలు కక్కింది. చివరికి, "సార్, నాకు పురుగులంటే భయం. అబద్ధం ఆడబోయాను, క్షమించండి" అనేసింది.

ఆయన పకపకా నవ్వాడు. "ఆ పదకొండుమందిలో నిజం చెప్పింది నువ్వొక్కదానివే. నేరుగా కంప్యూటర్‌లోనే చేర్చుకునే చోటు వెతుక్కో బంగారం."

లోర్నా కొత్త పళ్లెం ఇచ్చింది. ఖాయమైన చోటుగా నలభై మైళ్ల దూరంలోని రాష్ట్ర విశ్వవిద్యాలయం పేరు ఎత్తేసరికి గ్రేటా మూతి ముడిచింది.

"అక్కడికి అందరూ పోతారు మేడమ్."

"చర్చిలో బంగాళాదుంపల వంటకం కూడా అందరూ తింటారు. పోయిన ఆదివారం నువ్వు మూడుసార్లు వడ్డించుకున్నావు. నేను లెక్కపెట్టలేదులే, దేవుడు పెట్టాడు."

ఆ శనివారం లోర్నా తన కారులో తనే గ్రేటాని అక్కడికి తీసుకెళ్లి చూపించింది. అక్కడి కంప్యూటర్ ప్రయోగశాలలో దూరిన పిల్ల సాయంత్రం దాకా బయటికి రాలేదట. లోర్నా కారులో కూర్చుని ఒక మేజోళ్ల జత పూర్తిగా అల్లేసింది.

నవంబరులోనే రాష్ట్ర విశ్వవిద్యాలయం కంప్యూటర్ శాస్త్రానికి రమ్మంది. మార్చిలో కొత్త పళ్లెంలోని పెద్ద కాలేజీలు రెండూ కాదన్నాయి. మధ్య నాలుగింటిలో ఒకటే పిలిచింది, అదీ వేరే చదువుకి. గ్రేటా భోజనాల వేళ వచ్చి బల్ల దగ్గర నిలబడింది.

"నవంబరు ఉత్తరానికే సరేనని పంపేశాను మేడమ్. మొదటి రోజు నుంచే కంప్యూటర్ క్లాసులో కూర్చోబెడతారు."

"మరి ఏడవలేదా?"

"ఏడ్చాను, బస్సులో. అయిపోయింది."

గ్రేటా వెనక వంతు కోసం నిలబడ్డ పిల్లవాణ్ని ఆగమని సైగ చేసి, లోర్నా ఒక ఖాళీ కుర్చీని తన పక్కకు లాగింది.

"కూర్చో. నేనింకా ఏడవలేదు."