మా నాయన ఎత్తిన వేలు

మా చిన్నప్పుడు... కర్నూల్లో ఆదివారం తెల్లారిందంటే మా ఇంట్లో సుత్తి కోసం వెతుకులాట. మా నాయన ప్రెస్సులో కంపోజిటర్. వారంలో ఆరు రోజులు అక్షరాలు, ఏడో రోజు క్రికెట్. ఆట మీద కోపంతో మా అమ్మ ఆ సుత్తిని రోటి వెనక దాచేది. నాయన నవ్వుకుంటూ పోయి సరిగ్గా అక్కడే తీసుకునేవాడు...

క్రికెట్టుకు సుత్తి ఎందుకంటారా? మా మైదానంలో గడ్డిపోచ ఉండేది కాదు. అంతా ఎండకు గట్టిపడిన నల్లరేగడి. దాని మీద కొబ్బరినార చాప పరిచి, బిగించి లాగి, అంచుల వెంట మేకులు దిగ్గొట్టేవాళ్ళు. దాన్ని మ్యాటు అనేవాళ్ళు. బంతి పడేది దాని మీదే, పరుగెత్తేదీ దాని మీదే.

మా ఊరు మూడేళ్ళు రాజధానిగా ఉండింది కదా... ఆ మూడేళ్ళు నాయన క్లబ్బు వైభవం చూడాలి! డేరాల్లో కాపురమున్న సర్కారు గుమాస్తాలందరూ సాయంత్రమైతే మైదానంలోనే. బాగా ఆడేవాళ్ళంతా వాళ్ళే. తర్వాత రాజధాని హైదరాబాదుకు పోయింది. ఫైళ్ళతో పాటు వాళ్ళూ పోయారు. మిగిలింది మా నాయన, టైలర్ మస్తాన్ బాబాయి, ఇంకో ఇద్దరు. తక్కినవాళ్ళను బతిమాలి తెచ్చుకునేవాళ్ళు. ఒకాయనకైతే బ్యాటు ఏ వైపు పట్టుకోవాలో కూడా తెలీదు. అబద్ధం కాదు!

ఆ ఏడు లీగులో ఆడిన ప్రతి మ్యాచూ ఓడారు. ఒక్కటైనా గెలవని క్లబ్బుకు మరుసటేడు లీగులో చోటు లేదని పెద్దలు చెప్పేశారు. మిగిలింది ఒకే ఒక్కటి... నంద్యాల వాళ్ళతో.

"యాడ గెలుస్తారు మీరు! పోయినోళ్ళతోనే పోయింది ఆట" అనేసింది అమ్మ.

నాయన సుత్తి చేతికి తీసుకున్నాడు. నన్ను వెంటబెట్టుకుని బయలుదేరాడు. నాకప్పుడు పదేళ్ళు. జొన్నరొట్టెలు, ఊరిబిండి పచ్చడి కట్టిన మూట ఒక చేతిలో, తాగడానికి నీళ్ళ ముంత ఇంకో చేతిలో.

మామూలుగా అయితే ముందురోజు సాయంత్రమే నేలను తడిపి ఆరనిస్తారు. పొద్దున మేకులు కొడతారు. ఈసారి నీళ్ళు మోసే మనుషులే లేరు. ఎలాగో అన్నీ దిగాయి గానీ, ఒక మూల మేకు సగంలోనే మొండికేసింది. నాయన నా చేతిలో ముంత లాక్కుని అక్కడ వంపేశాడు. కాసేపటికి మేకు వెన్నలో దిగినట్టు దిగింది.

"సూస్తివా పాపా, ఎట్ల దిగిందో!"

తడిసిన రేగడి ఎండలో నెర్రెలిచ్చి మేకును వదిలేస్తుందని అక్కడే పుట్టి పెరిగిన మనిషికి తెలియదా? తెలుసు. తొందరలో మరిచిపోయాడు...

నంద్యాల వాళ్ళు ముందు ఆడి నూటపద్దెనిమిది చేశారు. మావాళ్ళలో నాయన ఒక్కడే నలభై కొట్టాడు. ఔటై వచ్చి, ప్యాడ్లు విప్పి, తెల్లకోటు తొడుక్కుని అంపైరుగా వెళ్ళాడు. అప్పట్లో అదే పద్ధతి... బ్యాటింగ్ జట్టులో ఔటైనవాళ్ళే అంపైర్లు. వేరే అంపైర్లను ఎక్కణ్ణుంచి తెస్తారు!

పడుతూ లేస్తూ చివరి జోడీ దాకా వచ్చింది. స్కోరు సమానం. ఇంకొక్క పరుగు చేస్తే క్లబ్బు బతుకుతుంది. బ్యాటు మస్తాన్ బాబాయి చేతిలో. నేను లేచి నిలబడి దేవుళ్ళందరికీ మొక్కాను, ఒక్కరినీ వదల్లేదు.

బాబాయి బంతిని పక్కకు నెట్టి, నాయన నిలబడిన వైపుకు పరుగెత్తాడు. ఆ మూల మేకు అప్పటికే ఊడింది. మ్యాటు అంచు పైకి లేచింది. బాబాయి బొటనవేలు దాంట్లో తగులుకుంది. బోర్లా పడుతూనే బ్యాటు ముందుకు చాచాడు. అంతలో బంతి వచ్చి వికెట్లకు తగిలింది. అంతా దుమ్ము...

"పెట్టినా అన్నా! గీత దాటించే పెట్టినా!" బాబాయి కిందినుంచే అరుస్తున్నాడు.

నంద్యాల బౌలర్ కళ్ళు నులుముకుంటూ నాయనతో, "ఏమప్పా, నీకేమన్నా కనపడిందా? నాకైతే దుమ్ము తప్ప ఏం కనపళ్ళేదు" అన్నాడు.

అవతలివాడే దారి ఇస్తున్నాడు! కనపళ్ళేదని చెప్పు నాయనా, చెప్పు... నేను పళ్ళు కొరుక్కుంటున్నాను.

నాయన ఊడిన మేకును చూశాడు. బాబాయిని చూశాడు. వేలెత్తాడు.

సమానం. సమానమంటే గెలుపు కాదు. మా క్లబ్బు పేరు ఆ రోజుతో సరి.

మ్యాటు చుడుతూ బాబాయి మెల్లగా అడిగాడు. "నిజంగా సూసినావా అన్నా?"

"సూసినా మస్తానూ. గీతకు ఇంకా బెత్తెడు దూరం ఉండాది."

"ఆ మేకు ఊడకుంటే..."

"కొట్టింది నేనే గదప్పా."

దారి పొడుగునా నేను నాయనకు అందకుండా ముందు ముందు నడిచాను. అమ్మ సంగతి విని నెత్తి కొట్టుకుంది. "ఎవరికీ కనపడంది నీకొక్కనికే ఏంటికి కనపడల్ల!" అంది. మూటలో రొట్టెలు అట్లాగే ఉన్నాయి.

మ్యాటు మా ఇంట్లోనే మిగిలిపోయింది. ఆడేవాళ్ళెవరు! అమ్మ దాన్ని మిద్దె మీద పరిచి మిరపకాయలు ఎండబోసేది. నాయన మిద్దెక్కినప్పుడు దాన్ని తొక్కకుండా చుట్టూ తిరిగి పోయేవాడు. మళ్ళీ బ్యాటు పట్టనేలేదు...

ఇప్పుడు మా మనవడు టీవీలో మ్యాచ్ చూస్తుంటాడు. రనౌట్ అయితే చాలు, తిప్పి తిప్పి పదిసార్లు చూపిస్తారు. ఒక మనిషి కళ్ళను, ఒక మనిషి మాటను నమ్ముకోవాల్సిన పనే లేదు. నాకు మాత్రం ఆ వేలి మీద ఇప్పటికీ కోపమే. దాచుకునేదేముంది!

నాయన మంచాన పడ్డాక ఒకరోజు అడిగేశాను. "ఏంటికెత్తినావు నాయనా ఆ పొద్దు వేలు?"

ఆయన వేలు సంగతే పట్టించుకోలేదు. "ఆ ముంతలో నీళ్ళు నువ్వు తాగేసింటే శానా బాగుండు పాపా..." అన్నాడు.

మీకూ మీ నాయనల మీద ఇలా తీరని కోపాలుంటే ఇక్కడ రాయండి... పోట్లాడదామన్నా, వాళ్ళిప్పుడు లేరు కదా.