అన్న బ్యాగు

హిందూపురంలో ఆ వీధివాళ్లు ఈశ్వరి వాళ్ల ఇంటిని గోల్ఫోళ్ల ఇల్లు అంటారు. వాళ్ల నాయన మారప్పది రొద్దం దగ్గర గొర్రెలు మేపుకునే కుటుంబం. మీసాలు రాకముందే బెంగళూరు పోయి, ఒక గోల్ఫ్ క్లబ్బులో ఆడేవాళ్ల బ్యాగులు మోసే క్యాడీ పనిలో చేరాడు. మోస్తూ మోస్తూనే ఆట పట్టుకున్నాడు. క్యాడీల పోటీల్లో కప్పులు గెలిచాడు. తర్వాత హిందూపురం అవతల, కర్ణాటక సరిహద్దు దగ్గర కొత్తగా గోల్ఫ్ కోర్సు పడితే అక్కడ ఆట నేర్పే పని దొరికింది. కొడుకు ఆనంద్‌కు నడక వచ్చీరాకముందే చేతిలో కర్ర పెట్టాడు.

"నా బిడ్డలు ఒకరి బ్యాగు మొయ్యకూడదు. వాళ్ల బ్యాగే ఇంకొకరు మొయ్యల్ల" అని ఇంటికి ఎవరొచ్చినా చెప్పేవాడు.

కూతురికీ నేర్పబోయాడు. ఈశ్వరికి కుదురుగా నిలబడటం చేతకాలేదు. బంతిని కొట్టమంటే గడ్డి పెల్లలు లేచేవి. విసిగిపోయి ఆ పిల్లను పెనుకొండలో హాస్టల్లో వేశాడు.

అక్కడి ఆటల టీచరు అరుణ మేడం ఆడపిల్లలకు రగ్బీ నేర్పేది. కోడిగుడ్డులాంటి బంతిని పొట్టకు అదుముకుని పరిగెత్తాలి. దొరికితే అవతలివాళ్లు నేలకేసి పడేస్తారు. పెనుకొండ మైదానంలో మట్టి కంటే గులకరాళ్లే ఎక్కువ. మొదటిరోజే ఈశ్వరి మోచేతులు చీరుకుపోయాయి.

"నొప్పిగా ఉండాదా?" అని మేడం అడిగితే, "రేపు కూడా ఆడిపిస్తారా మేడం?" అంది.

సెలవులకు ఇంటికి పోతే ఆ దెబ్బలు చూసి మారప్ప మొహం చిట్లించాడు.

"ఇది ఆటా, దొమ్మీనా? గోల్ఫ్ పెద్దమనుషుల ఆట మే. మన ఇంట్లో పుట్టి ఈ బురదేంది నీకు?"

ఆ బురదలోనే ఆమె రాష్ట్ర జట్టుకు ఎదిగింది. ఇరవయ్యో ఏట భువనేశ్వర్‌లో జరిగే జాతీయ జట్టు క్యాంపుకు పిలుపొచ్చింది. హిందూపురంలో రైలెక్కడానికి ఇంటికొచ్చి బట్టలు సర్దుకుంటుంటే నాయన లోపలికొచ్చాడు. ఆనంద్ ప్రొఫెషనల్ ఆటగాడు కావడానికి నెగ్గాల్సిన పోటీ ఆ వారమే మైసూరులో ఉంది. అతని క్యాడీకి జ్వరం.

"నువ్వు పోయి మీ అన్న బ్యాగు మొయ్యి" అన్నాడు.

"ఎవరి బ్యాగూ మొయ్యకూడదని నువ్వే కదా నాయనా చెప్పేది?"

"అది బయటోళ్ల బ్యాగు. ఇది మీ అన్నది."

"మరి నా క్యాంపు?"

"రెండ్రోజులు ఆలస్యమైతే ఏమైతాది? మీ మేడంతో నేను మాట్లాడతా. ఆయమ్మ క్యాంపోళ్లకు చెప్తాది. నువ్వేం బెంగ పెట్టుకోవద్దు."

ఈశ్వరి అన్న వైపు చూసింది. నువ్వు పో పాపా అని ఒక్క మాట అంటాడేమోనని. ఆనంద్ వంగి బూట్లు తుడుచుకుంటున్నాడు. తల్లి ఆదెమ్మ తలుపు దగ్గర కొంగు నోటికడ్డం పెట్టుకుని నిలబడింది. ఆ ఇంట్లో అడ్డు చెప్పే నోరు ఇంకొకటి లేదు.

మైసూరులో ఎండ మండిపోతోంది. ఈశ్వరి బ్యాగు మోసింది, కర్రలు అందించింది, జెండా పట్టుకుంది. ఆనంద్ చివర్లో దగ్గరి గుంతలోకి బంతి వేయలేకపోయాడు, అర్హత తప్పిపోయింది. పోటీ చూడటానికి వెంట వచ్చిన మారప్ప కూతురి దగ్గరికొచ్చి, "నీ నీడ పడింది బంతి మీద. యాడ నిలబడల్లో కూడా తెలీదా?" అన్నాడు. ఆనంద్ అప్పుడూ వంగి బూట్లు తుడుచుకుంటున్నాడు.

ఆమె భువనేశ్వర్ చేరేసరికి ఆమె జాగాలో వేరే అమ్మాయిని తీసుకున్నారు. వస్తుందో రాదో తమకెవరూ చెప్పలేదన్నారు. ఈశ్వరి అక్కడి నుంచే నాయనకు ఫోన్ చేసింది.

"మేడంతో మాట్లాడినావా నాయనా?"

"ఆనంద్ బాధలో పడి మర్చిపోయినా మే."

తిరుగు రైల్లో హిందూపురం దాకా టికెట్టున్నా ధర్మవరంలోనే దిగిపోయింది. అక్కడ జట్టులో తోటి పిల్ల ఎస్తేరు ఇంట్లో ఉండి, ఒక ప్రైవేటు బడిలో ఆటల టీచరుగా చేరింది. మళ్లీ నాయన ఇంట్లో ఉండలేదు. మరుసటి ఏడాది ఎంపికలకు పోతే తనకంటే చిన్నవాళ్లు, వేగమైనవాళ్లు వచ్చేశారు. ఇంకొన్నేళ్లు రాష్ట్రానికి ఆడింది. భుజం జారిపోయాక అదీ ఆగింది. అన్నం ముద్ద ఆ చేత్తో ఎత్తితే ఇప్పటికీ కలుక్కుమంటుంది.

కిందటేడు హిందూపురంలో ఎవరో సంఘంవాళ్లు ఆ కుటుంబానికి సన్మానం పెట్టారు. బెంగళూరులో గోల్ఫ్ నేర్పుతూ బతుకుతున్న ఆనంద్ వచ్చాడు. శాలువా కప్పించుకుని మారప్ప మైకు అందుకున్నాడు. "కొడుకైనా కూతురైనా నాకు ఒకటే. ఇద్దర్నీ ఆటల్లోనే పెంచినా" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. ఈశ్వరి వంతు వచ్చింది.

"నాకు ఆట నేర్పింది అరుణ మేడం" అని చెప్పి, శాలువా మడతపెట్టి కుర్చీలో ఉంచి దిగిపోయింది.

మారప్ప బస్టాండు దాకా వెంట వచ్చాడు.

"పదిమందిలో నా పరువు తీస్తావా మే?"

"నేను ఆడింది ఒక్కసారన్నా చూసినావా నాయనా?"

"టీవీలో వేసింటే చూసేవాణ్ణి."

అతను అబద్ధం చెప్పడం లేదు. నిజంగానే అట్ల అనుకుంటున్నాడని ఆ మొహం చూస్తే తెలుస్తోంది. దాంతో ఈశ్వరికి ఇంకేం అడగబుద్ధి కాలేదు.

"ఇంటికొచ్చి పో. మీయమ్మ సంగటి చేసి పెట్టుంటాది."

"పొద్దున్నే పిల్లోళ్లకు ప్రాక్టీసు ఉండాది" అని చెప్పి ధర్మవరం బస్సెక్కింది.